ప్లీడరు ప్రకాశం

టంగుటూరి ప్రకాశం పంతులు గారి పేరు చెప్పగానే మనందరికీ కళ్ళముందు కదిలే దృశ్యం ఒకటే. 1928 ఫిబ్రవరి 3న సైమన్ కమిషన్ మీద మద్రాసు భగ్గుమన్న రోజున, తుపాకులకు ఎదురుగా గుండె చూపి నిలబడ్డ మనిషి. అది జరిగింది హైకోర్టు సమీపంలోనే. అదే కోర్టులో ఆయన పద్నాలుగేళ్ళు బారిస్టరుగా వెలిగారన్న సంగతి మాత్రం మనం మన పిల్లలకు చెప్పం. నాకు ఆ లాయరు మీదే ఆసక్తి ఎక్కువ.

1872లో పుట్టారు. చిన్నతనంలోనే తండ్రి పోతే, తల్లి సుబ్బమ్మ గారు ఒంగోలులో పూటకూళ్ళ ఇల్లు నడిపి పిల్లల్ని పెంచింది. ఇమ్మానేని హనుమంతరావు నాయుడు గారనే మాస్టారు తనతో రాజమండ్రి తీసుకెళ్ళి చదివించకపోతే ఈ కథే లేదు. అక్కడే రెండో తరగతి ప్లీడరై బాగా గడించారు, పురపాలక సంఘం అధ్యక్షుడూ అయ్యారు. కానీ రెండో తరగతి ప్లీడరుకు పై కోర్టు తలుపులు తెరుచుకోవు. అందుకని 1904లో, పెళ్ళాం పిల్లలున్న వయసులో, ఇంగ్లండుకు ఓడెక్కారు. (ఐ-20 చేత పట్టుకుని విమానమెక్కిన మనకు ఆ గుబులు కొంత తెలుసు. ఆయనకు వారం వారం ఫోను లేదు!) 1907లో బారిస్టరై తిరిగొచ్చి మద్రాసులో ప్రాక్టీసు పెట్టారు. 1921లో, చేతినిండా కేసులున్న రోజుల్లో, గాంధీగారి పిలుపుతో దాన్ని వదిలేశారు. అదే ఏడాది పెట్టిన 'స్వరాజ్య' పత్రిక ఆయన సంపాదననంతా మింగి చివరికి మూతపడింది.

కోర్టు వదిలినా చట్టం ఆయన్ని వదల్లేదు. 1937లో రాజాజీ మంత్రివర్గంలో రెవెన్యూ మంత్రి అయ్యాక, జమీందారీల విచారణ సంఘానికి అధ్యక్షత వహించారు. నా దృష్టిలో ఆయన వాదించిన అతి పెద్ద కేసు ఇదే. ఈసారి కక్షిదారు రైతు. భూమి ఎవరిది? 1802 నాటి శాశ్వత పరిష్కారం జమీందారుకు ఇచ్చింది శిస్తు వసూలు చేసే హక్కే తప్ప మట్టి మీద యాజమాన్యం కాదని, దున్నేవాడే హక్కుదారని, శిస్తులను తిరిగి 1802 స్థాయికి దించాలని 1938 నాటి నివేదిక తేల్చింది. నూట ముప్పై ఏళ్ళ పాత కాగితాలు తిరగేసి దాన్ని నిరూపించడం ఉపన్యాసాలిచ్చే నాయకుడి వల్ల అయ్యే పని కాదు, కాగితం చదవడం తెలిసిన ప్లీడరు కావాలి. చట్టం రాకముందే 1939లో మంత్రివర్గం రాజీనామా చేసింది. జమీందారీల రద్దు చట్టం 1948లో గానీ రాలేదు.

అప్పటికి ఆయన పదవిలో లేరు. 1946లో మద్రాసు ప్రధాని (ముఖ్యమంత్రిని అప్పట్లో అలాగే అనేవారు) అయి, ఏడాది తిరక్కుండానే సొంత పార్టీ వారి చేతుల్లోనే దిగిపోయారు. మంత్రాంగం నడపడం ఆయనకు చేతకాదని విమర్శకులన్నారు. అందులో కొంత నిజముంది. ఎదుటివాడి ఎత్తును కోర్టులో పసిగట్టిన మనిషి పార్టీ గదుల్లో పసిగట్టలేకపోయారు.

1953 అక్టోబరు 1న కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు తొలి ముఖ్యమంత్రి ఆయనే. ఏడాది దాటి నెలన్నర, అంతే. ఆ కాస్త వ్యవధిలోనే గుంటూరులో హైకోర్టు, తిరుపతిలో శ్రీ వెంకటేశ్వర విశ్వవిద్యాలయం వెలిశాయి. బెజవాడలో కృష్ణ మీద కొత్త బ్యారేజీకి పునాది పడింది. 1954 నవంబరులో, మద్యనిషేధం వివాదంలో, ఒక్క ఓటు తేడాతో ప్రభుత్వం పడిపోయింది.

1957 ఎండాకాలంలో, ఎనభై నాలుగేళ్ళ వయసులో, ఒంగోలు ప్రాంతంలో తిరుగుతూ వడదెబ్బ తిన్నారు. మే 20న హైదరాబాదులో కన్నుమూశారు. కృష్ణ మీది ఆ బ్యారేజీ పూర్తయింది కూడా ఆ ఏడే. దానికి ఆయన పేరే పెట్టారు.