ఓడల్ని బతికించిన రేవు

ఎదుర్లంక దగ్గర బాలయోగి వంతెన ఎక్కి గౌతమి దాటితే యానాం. అక్కణ్ణించి కాకినాడ దారి పట్టుకుంటే తాళ్ళరేవు, దాన్ని ఆనుకుని కోరంగి. కోనసీమవాళ్ళకి అది ఏటవతలి ఊరు. ఇవాళ కోరంగి అంటే మడ అడవి, బోటు షికారు. రెండు వందల ఏళ్ళ కిందట బంగాళాఖాతంలో తుపాను తిని, కొయ్య విరిగి, చుక్కాని పోగొట్టుకున్న ఓడ మీద మిగిలిన మనుషులకి ప్రాణం లేచొచ్చే పేరు అది. కలకత్తాకీ సింహళంలోని తిరుకోణమలకీ మధ్య పెద్ద ఓడని నీళ్ళలోంచి తీసి అడుగు బాగుచేయగలిగిన రేవు ఇదొక్కటే అని గోదావరి జిల్లా చరిత్ర రాసిన ఇంగ్లీషువాళ్ళే చెప్పారు.

మన తీరం ఎలాంటిదో తలుచుకుంటేగానీ ఆ మాట బరువు తెలియదు. మద్రాసుకి అప్పట్లో హార్బరు లేదు. ఓడలు ఒడ్డుకి దూరంగా, ఏ దాపూ లేని సముద్రంలో లంగరు వేసుకుని ఉండేవి. కార్తీక మార్గశిరాల్లో గాలి తిరగబడితే లంగరు తాడు నరికేసి సముద్రంలోకి పరిగెత్తడం తప్ప వాటికి వేరే దారి లేదు. అలా పరిగెత్తిన వాటిలో కొన్ని తిరిగొచ్చేవి. పలకల సందుల్లోంచి నీరు ఉబుకుతుంటే కలాసీలు రాత్రీ పగలూ తోడిపోసుకుంటూ, మిగిలిన గుడ్డముక్కని తెరచాపగా కట్టుకుని, గోదావరి మొగ వెతుక్కుంటూ వచ్చేవి.

అక్కడ వాటికోసం బురదలో తవ్విన గుంటలు ఉండేవి. పోటు మీద ఓడని లోపలికి లాగేవారు. మొగదల మట్టికట్ట వేసి, నీళ్ళు తోడేసి, ఓడని దుంగల మీద నిలబెట్టేవారు. నెలల తరబడి ఉప్పునీళ్ళలో నానిన అడుగుభాగం అప్పుడు బయటపడేది: గుల్లలు పట్టిన పలకలు, పురుగు తొలిచిన టేకు, తుప్పు తిన్న మేకులు. చెడిన పలక ఊడదీసి, దాని వంపు చూసుకుని కొత్త పలక చెక్కి కూర్చాలి. సందుల్లో పీచు దట్టించి, కరిగించిన గుగ్గిలం పుయ్యాలి. అన్నీ అయ్యాక కట్ట తెంపి గుంటలోకి పోటు నీరు వదిలితే ఓడ తనంతట తాను తేలాలి. ఒక్క సందు వదిలేసినా ఆ నీళ్ళే చెబుతాయి. కొలతలన్నీ కంటితో, చేత్తో తెలిసిన పని అది. పంతొమ్మిదో శతాబ్దం మొదట్లో రోబక్ అనే దొర ఇక్కడ ఒక పెద్ద డాక్ కట్టించాడు. ఆల్బట్రాస్ అనే బ్రిటిష్ యుద్ధనౌక అందులో మరమ్మతు చేయించుకుంది. ఆ దొర పేరు మిగిలింది, ఆ ఓడ పేరు మిగిలింది. దాని పొట్ట కింద పడుకుని గుగ్గిలం పూసిన కోరంగి వడ్రంగి పేరు ఏ పుస్తకంలోనూ నాకు కనిపించలేదు. ఈ కథ ఎప్పుడు తలుచుకున్నా నన్ను ముందు బాధపెట్టేది ఆ మనిషే.

కోరంగి ఒంటరి ఊరేమీ కాదు. పక్కన ఇంజరంలో ఇంగ్లీషువాళ్ళ బట్టల కోఠీ, యానాంలో ఫ్రెంచివాళ్ళు, కాకినాడ జగన్నాథపురంలో డచ్చివాళ్ళు. మన నేతగాళ్ళు నేసిన సన్నబట్ట ఈ మొగలోంచే దేశాలు దాటింది. అంత కళకళలాడుతున్న చోటి మీదికి 1787 మే నెలలో ఒకసారి సముద్రం వచ్చింది. రెండేళ్ళు తిరిగి 1789 డిసెంబరు వచ్చేసరికి మళ్ళీ వచ్చింది.

ఆ రెండోసారి సంగతి లాప్లాస్ అనే ఫ్రెంచి నావికుడు రాసిపెట్టాడు. 1830–32 మధ్య ఫావొరీత్ ఓడలో ప్రపంచం చుట్టినవాడు ఆయన. పోటు నిండుగా ఉన్న వేళ, వాయవ్యం గాలి నీళ్ళని అఖాతం మూలకి నెడుతుండగా, మూడు కెరటాలు ఒకదాని వెనక ఒకటి వచ్చాయట. మొదటిది ఊళ్ళోకి నీళ్ళు తెచ్చింది. రెండోది పల్లపు భూములన్నిటినీ ముంచింది. మూడోదాని తర్వాత ఊరు లేదు. ఇరవై వేలమంది పోయారని రాశాడు. మొగలో లంగరు వేసి ఉన్న ఓడలు యానాం చుట్టుపక్కల చేలలోకి కొట్టుకొచ్చి పడ్డాయి. సముద్రం వెనక్కి పోతూ ఇసకా బురదా మేటలు వేసి, శవాలు వెతికే వీలు కూడా లేకుండా చేసింది. పాత ఊళ్ళో ఆనవాలుగా మిగిలింది రేవు అధికారి ఇల్లూ, దాని చుట్టూ ఉన్న ఓడల మరమ్మతు గుంటలూ.

ఇళ్ళు పోయి, మనుషులు పోయి, మరమ్మతు గుంటలు మిగిలాయి. బతికి బయటపడ్డవాళ్ళు మళ్ళీ అక్కడికే చేరారు. యాభై ఏళ్ళపాటు మళ్ళీ ఓడలు బాగుచేశారు. రోబక్ డాక్ కట్టింది ఆ యాభై ఏళ్ళలోనే. కోరంగి గురించి రాసేవాళ్ళు ఉప్పెన నుంచి ఉప్పెనకి గెంతుతారు. నా మటుకు ఆ ఊరి గొప్పతనమంతా ఈ నడిమి కాలంలోనే ఉంది. అదే సముద్రం తమ పిల్లల్ని తీసుకుపోయాక, ఆ సముద్రం విరగ్గొట్టిన పరాయివాళ్ళ ఓడల్ని కూర్చుని బాగుచేయడానికి ఎంత గుండె కావాలి!

1839 నవంబరు 25న సముద్రం మూడోసారి వచ్చింది. నలభై అడుగుల ఉప్పెన అని పుస్తకాలు చెబుతాయి. ఇరవై వేల నావలు, మూడు లక్షల మంది అనే లెక్క ప్రపంచంలోని ఘోర తుపానుల జాబితాల్లో ఇప్పటికీ కోరంగి పేరు పక్కన అచ్చవుతోంది. అన్ని నావలు ఆ ఒక్క మొగలో పట్టేవని నేను నమ్మలేను. అంకె ఎంత తగ్గించుకున్నా దుఃఖం తగ్గదు. 1996 నవంబరు 6 తుపాను రాత్రి కోనసీమలో ఉన్నవాళ్ళకి దీన్ని వర్ణించి చెప్పక్కర్లేదు. కొబ్బరితోటలు నేలమట్టమై, వెయ్యిమందికి పైగా పోయి, బలుసుతిప్ప, భైరవపాలెం లాంటి పల్లెల్లో వేటకెళ్ళినవాళ్ళ కోసం ఒడ్డున ఎదురుచూసిన ఆడవాళ్ళు మన కళ్ళముందు ఉన్నారు. సైక్లోన్ అనే మాటని తర్వాత లోకానికి ఇచ్చిన హెన్రీ పిడింగ్టన్, 1839 కోరంగి తుపాను మీద కలకత్తాలో కూర్చుని ప్రత్యేకంగా ఒక వ్యాసమే రాశాడు. ఓడలు తుపాను నుంచి ఎలా తప్పించుకోవాలో నావికులకి నేర్పిన శాస్త్రంలో ఈ ఊరి చావు కూడా ఒక పాఠమైంది.

ఈసారి ఊరు లేవలేదు. నిజానికి దాన్ని ఉప్పెన ఒక్కటే చంపలేదు. గోదావరి ఏటేటా తెచ్చే ఒండ్రు మొగని పూడ్చుకుంటూ వచ్చింది. పెద్ద ఓడ లోపలికి రాలేనప్పుడు గుంట ఎంత బాగుంటే ఏం లాభం? అదే ఇసుక ఉత్తరంగా పోగుపడి, సన్నని మేటగా పెరిగి, హోప్ ఐలాండ్ అయి కాకినాడ రేవుకి అడ్డుగోడగా నిలబడింది. కోరంగిని పూడ్చిన నదే కాకినాడని కాపాడింది. 1860ల్లో అమెరికా అంతర్యుద్ధం వల్ల పత్తికి గిరాకీ పెరిగినప్పుడు ఆ కలిమి కాకినాడకే పోయింది. ఆ తర్వాత ఇనుప స్టీమర్లు వచ్చాయి. ఇనుప ఓడకి గుగ్గిలంతో పని లేదు.

పని తెలిసిన చేతులు మాత్రం వెంటనే ఊరుకోలేదు. తాళ్ళరేవు చుట్టుపక్కల ధోనీలు కట్టడం ఇరవయ్యో శతాబ్దంలోనూ సాగింది. అడుగు చదునుగా ఉండి తక్కువ నీళ్ళలో నడిచే తెరచాప ఓడలవి. మొగ పూడిపోయిన రేవుకి తగ్గట్టు కట్టుకున్న ఓడలు.

మిగతావాళ్ళు వలసపోయారు. ఒకప్పుడు బట్ట ఎగుమతి చేసిన తీరం కూలీలని ఎగుమతి చేసింది. రంగూన్ రేవులో మూటలు మోసిన తెలుగువాళ్ళందర్నీ, వాళ్ళది శ్రీకాకుళమైనా విశాఖపట్నమైనా, బర్మాలో కోరంగీలనే పిలిచారు. 1930 మే నెలలో వాళ్ళు సమ్మె చేస్తే కంపెనీలు వాళ్ళ స్థానంలో బర్మావాళ్ళని పెట్టుకున్నాయి. సమ్మె తీరగానే ఆ కొత్తవాళ్ళని తీసేశాయి. అక్కడ రాజుకున్న గొడవలో వందమందికి పైగా చచ్చిపోయారు, ఎక్కువమంది మనవాళ్ళే. ఆ కోరంగీలని మోసిన స్టీమర్లు ఆగింది కాకినాడ ఎదుట సముద్రంలో. కోరంగి మొగలోకి అవి రాలేవు.