పక్షవాతం, డ్రైవింగ్ లైసెన్సు (గ్రేట్ బ్రిటన్)

గ్రేట్ బ్రిటన్‌లో పక్షవాతం వచ్చినవారు కనీసం ఒక నెల పాటు కారు నడపరాదు. కొద్దిసేపటికే తగ్గిపోయే తాత్కాలిక పక్షవాతానికీ ఇదే నియమం. నెల గడిచినా లోపం మిగిలి ఉంటే, స్వాన్సీలోని లైసెన్సుల సంస్థ డి.వి.ఎల్.ఎ.కు లైసెన్సుదారుడే ఆ సంగతి తెలియజేయాలి. ఇది ప్రధానంగా వైద్యుని బాధ్యత కాదు. దాచినవారికి 1,000 పౌండ్ల వరకు జరిమానా విధించవచ్చు. బస్సు, లారీ డ్రైవర్లు మాత్రం వెంటనే తెలియజేసి, ఏడాది పాటు ఆ వాహనాలకు దూరంగా ఉండాలి.

చేతికాళ్ళ బలహీనత కంటే చూపులోని లోపం ప్రమాదకరమైనది. దృష్టిక్షేత్రంలో ఒక పక్కను కోల్పోయిన రోగి తన లోపాన్ని తానే గుర్తించకపోవచ్చు; ఆ పక్కనుండి వచ్చే పాదచారి అతనికి కనిపించడు. బలహీనమైన కాలికి తగినట్లు మార్పులు చేసిన కారు నడపడానికి అనుమతి లభించవచ్చు.