మెదడు వృద్ధి ప్రోటీన్లు, రెట్ సిండ్రోమ్: చరిత్ర

నాడీకణాలు బతికి ఉండటానికి, తంతువులు చాచి తోటి కణాలతో కలవడానికి తోడ్పడే ప్రోటీన్లను వృద్ధి ప్రోటీన్లు అంటారు. వీటిలో ముఖ్యమైన కుటుంబం న్యూరోట్రోఫిన్లు. పసిపిల్లల ఎదుగుదల లోపాలతో వీటికున్న సంబంధం రెట్ సిండ్రోమ్‌లో తెలిసినంత వివరంగా చాలా లోపాల్లో తెలియలేదు. ఆ సంగతి తేలేదాకా ప్రయోగశాలలో ఒక కథ, పిల్లల వైద్యుల దగ్గర మరో కథ విడివిడిగా నడిచాయి.

మొదటిది ఇటలీలోని టురిన్‌లో, ఒక పడకగదిలో మొదలైంది. 1938లో ముస్సోలినీ ప్రభుత్వం తెచ్చిన జాతి చట్టాల వల్ల, యూదు కుటుంబానికి చెందిన రీటా లెవీ మొంటాల్చినీ విశ్వవిద్యాలయంలో పని కోల్పోయారు. కుట్టు సూదులకు సాన పట్టి, వాటితోనే ఇంట్లో కోడిపిండాలను కోసి పరిశీలించారు. 1947లో అమెరికాలోని సెయింట్ లూయిస్‌కు, విక్టర్ హాంబర్గర్ దగ్గరికి వెళ్లారు. అక్కడ ఎలుక కణితి ముక్కను కోడిపిండానికి అతికిస్తే, నాడీతంతువులు అదుపు లేకుండా పెరిగి రక్తనాళాల్లోకి కూడా చొరబడ్డాయి. కణితి నుంచి ఏదో ఊరుతోందని ఆమెకు అర్థమైంది. ఆ పదార్థాన్ని స్టాన్లీ కోహెన్ వేరుచేశారు. అదే నాడీ వృద్ధి కారకం, ఎన్‌జీఎఫ్. 1986లో ఇద్దరికీ నోబెల్ బహుమతి వచ్చింది.

మెదడు నుంచే ఇలాంటి ప్రోటీన్‌ను తీయడం ఇంకా కష్టమైంది. 1982లో జర్మనీలో ఈవ్ అలాఁ బార్డ్, హాన్స్ థోనెన్ బృందం కిలోన్నర పంది మెదడును శుద్ధి చేస్తే చివరికి మిగిలింది సుమారు ఒక మైక్రోగ్రాము. అదే బీడీఎన్‌ఎఫ్.

ఇక రెండో కథ. 1954లో వియన్నాలో ఆండ్రియాస్ రెట్ అనే పిల్లల వైద్యుడు తన గది బయట తల్లుల ఒళ్లో కూర్చున్న ఇద్దరు ఆడపిల్లలను చూశారు. ఇద్దరూ సబ్బుతో చేతులు రుద్దుకుంటున్నట్టు ఒకే తీరుగా, ఆగకుండా కదిలిస్తున్నారు. అలాంటి పిల్లలను ఇంకా వెతికి 1966లో జర్మన్‌లో వ్యాసం రాశారు. కారణంగా రక్తంలో అమోనియా ఎక్కువవడాన్ని చూపారు. ఆ మాట నిలవలేదు, వ్యాసాన్నీ బయటివాళ్లు పెద్దగా చదవలేదు. 1983లో స్వీడన్‌కు చెందిన బెంగ్ట్ హాగ్‌బెర్గ్, మరో ముగ్గురు వైద్యులు కలిసి 35 మంది ఆడపిల్లల వివరాలను ఇంగ్లీషులో ప్రచురించాకే ప్రపంచానికి ఈ జబ్బు తెలిసింది. పేరు మాత్రం రెట్‌దే పెట్టారు.

సుమారు 10,000 మంది ఆడపిల్లల్లో ఒకరికి ఇది వస్తుంది. 6 నుంచి 18 నెలల దాకా బిడ్డ మామూలుగానే ఎదుగుతున్నట్టు కనిపిస్తుంది. ఆ తర్వాత వచ్చిన మాటలు పోతాయి, బొమ్మ పట్టుకునే చెయ్యి పట్టు తప్పుతుంది, తల పెరుగుదల మందగిస్తుంది. మూర్ఛలు, ఊపిరి తేడాలు తోడవుతాయి.

కారణం 1999లో తేలింది. హ్యూస్టన్‌లో హుదా జోగ్బీ బృందం ఎక్స్ క్రోమోజోమ్ మీది మెక్‌పీ2 జన్యువులో లోపాన్ని పట్టుకుంది. ఎక్కువ మందిలో ఈ లోపం కొత్తగా పుట్టేదే, అదీ చాలావరకు తండ్రి వీర్యకణంలో. గర్భంతో ఉన్నప్పుడు తల్లి ఏం తిన్నదని, ఎక్కడికి వెళ్లిందని ఆరా తీయడం అర్థం లేని పని.

మెక్‌పీ2 స్వయంగా వృద్ధి ప్రోటీన్ కాదు. ఇతర జన్యువుల పనిని నియంత్రించే ఈ ప్రోటీన్‌ను 1992లోనే ఆడ్రియన్ బర్డ్ బృందం వేరే పరిశోధనలో కనుగొంది. అది అదుపు చేసే జన్యువుల్లో బీడీఎన్‌ఎఫ్ ఒకటని 2003లో రెండు బృందాలు చూపడంతో రెండు కథలూ కలిశాయి. 2006లో రెట్ లోపమున్న ఎలుకల మెదడులో బీడీఎన్‌ఎఫ్ పెంచితే వాటి స్థితి కొంత మెరుగుపడింది. అయితే పిల్లలకు దాన్ని ఇంజెక్షన్‌గా ఇస్తే చాలదు. రక్తంలోంచి మెదడులోకి అది సరిగా వెళ్లదు.

రక్తంలో ఈ ప్రోటీన్లను కొలిచి ఆటిజం వంటి ఇతర ఎదుగుదల లోపాలను ముందే కనిపెట్టవచ్చన్న ఆశా ఒక దశలో రేగింది. పుట్టినప్పుడు కాగితం మీద సేకరించి దాచిన రక్తపు చుక్కల్లో, తర్వాత ఆటిజం బయటపడిన పిల్లలకు బీడీఎన్‌ఎఫ్ వంటివి ఎక్కువగా ఉన్నాయని 2001లో అమెరికా పరిశోధకులు ప్రకటించారు. తర్వాతి అధ్యయనాల్లో ఆ ఫలితాలు అలాగే తిరిగి రాలేదు. ఇప్పటికీ ఆటిజానికి అలాంటి రక్తపరీక్ష వాడుకలో లేదు.

2007లో బర్డ్ బృందం పెద్ద ఎలుకల్లో మెక్‌పీ2ను తిరిగి పనిచేయిస్తే చావుకు దగ్గరపడినవి కూడా కోలుకున్నాయి. కణాలు చచ్చిపోలేదని, జబ్బును వెనక్కి మళ్లించవచ్చని తెలిసింది. ఈ చరిత్రలో ఇంతకంటే పెద్ద మలుపు లేదు. అయితే ఈ జన్యువు రెట్టింపైన మగపిల్లల్లోనూ తీవ్ర ఎదుగుదల లోపం వస్తుందని 2005లోనే బయటపడింది. తక్కువైనా ముప్పే, ఎక్కువైనా ముప్పే.

2023 మార్చిలో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ రెట్‌కు తొలి మందుగా ట్రోఫినెటైడ్‌ను ఆమోదించింది. ఐజీఎఫ్-1 అనే మరో వృద్ధి ప్రోటీన్ కొసన ఉండే మూడు అమైనో ఆమ్లాల ముక్కను మార్చి దీన్ని తయారు చేశారు. ప్రయోజనం ఒక మోస్తరు. విరేచనాలు మాత్రం చాలామందికి అవుతాయి. అదే ఏడాది జన్యు చికిత్స ప్రయోగాలు పిల్లల మీద కూడా మొదలయ్యాయి. ఒక ప్రయోగంలో ఎక్కువ మోతాదు తీసుకున్న రోగి, జన్యువును మోసుకెళ్లే వైరస్‌కు శరీరం తీవ్రంగా ఎదురుతిరగడంతో 2024లో చనిపోయారు. ఆ మోతాదును నిలిపివేసి, తక్కువ మోతాదుతో ప్రయోగాన్ని కొనసాగించారు.