అనుబంధ నివాస గృహం (కాలిఫోర్నియా)

అనుబంధ నివాస గృహం అనగా ఒక ఇల్లు ఉన్న స్థలంలోనే ప్రత్యేక వంటగది, స్నానాలగది, ద్వారం కలిగి ఉండే చిన్న రెండవ ఇల్లు. అమెరికా సంయుక్త రాష్ట్రాలలోని కాలిఫోర్నియాలో దీనిని ఏ.డి.యు. అని, వాడుకలో గ్రానీ ఫ్లాట్ అని అంటారు. ఇటువంటి ఇంటిని సామానుతో సహా కొన్ని నెలల గడువుకు ఇచ్చుటను మధ్యకాలిక అద్దె అంటారు.

'''చట్టాలు'''

ఇళ్ళ కొరతను తగ్గించుటకు చేసిన రాష్ట్ర చట్టాలు 2017లోను, 2020లోను అమలులోకి వచ్చి స్థానిక ఆంక్షలను సడలించాయి. నిబంధనలకు సరిపడిన దరఖాస్తుపై బహిరంగ విచారణ లేకుండా 60 రోజులలో నిర్ణయం తీసుకోవాలి. పక్క, వెనుక హద్దుల నుండి 4 అడుగులు వదలిన చాలును. అద్దె గడువు 30 రోజులకు మించి ఉండాలని నగరాలు షరతు విధించవచ్చును. ఆ షరతు ఉన్నచోట పర్యాటకులకు రోజుల లెక్కన ఇచ్చుటకు వీలులేదు. అందువలన కొందరు యజమానులు మధ్యకాలిక అద్దెను ఎంచుకుంటారు.

'''నిర్మాణం'''

గ్యారేజీని ఇల్లుగా మార్చినచో గోడలు, పైకప్పు ముందే ఉంటాయి. కాని నేలకు తేమ రాకుండా, గోడలకు వేడి, చలి తగలకుండా ఏర్పాట్లు చేయాలి. కొత్తగా కట్టినచో పునాది, మురుగునీటి గొట్టం, విద్యుత్తు సామర్థ్యం ఖర్చును పెంచుతాయి. పొగను, కార్బన్ మోనాక్సైడును గుర్తించే అలారాలు అవసరం.

'''వసతులు, అద్దెదారులు'''

సాధారణంగా 13 వారాల ఒప్పందంపై ఊరూరా పనిచేసే నర్సులు, ఇల్లు మరమ్మతులో ఉన్న కుటుంబాలు ఇటువంటి ఇళ్ళను కోరుకుంటారు. కనుక మంచం, వంటపాత్రలు, బట్టలుతికే యంత్రం, ఇంటర్నెట్, పని బల్ల సమకూరుస్తారు.

'''హక్కులు, విమర్శ'''

30 రోజులు దాటి నివసించే వ్యక్తి హోటలు అతిథి కాక అద్దెదారుగా పరిగణింపబడతాడు. గడువు తీరినను యజమాని తాళం మార్చరాదు. కోర్టు ద్వారానే ఖాళీ చేయించాలి. స్థిర నివాసుల కొరకు ఉద్దేశించిన ఇళ్ళు తాత్కాలిక నివాసాలుగా మారినచో కొరత తీరదని విమర్శ ఉన్నది.