విశాఖపట్టణ విద్యాదానములు: మూలధనము, ధర్మకర్తృత్వము

సింహాచల, ద్రాక్షారామ దేవాలయములందలి శాసనములను బరిశీలించువారికి దానపద్ధతియందొక విశేషము గోచరించును. అఖండదీపము పెట్టదలచిన దాత యొక్కనాటికి వలయు నేతినిచ్చి యూరకుండలేదు. గోవులనో మాడలనో దేవునికి సమర్పించి, వానివలన గలుగు ఫలముచే దీపము ప్రతిదినమును వెలుగవలెనని నిబంధము చేసెను. ద్రాక్షారామ శాసనములందు గోవులను స్వీకరించి నేయి గొలువ నొడబడిన బోయల పేర్లు సైతము గలవు. మూలధన మేది, దానిని గాపాడువా డెవడు, ఫల మెవరికి జెందవలెను అను మూడు విషయములును శిలపై నెక్కినవి. దాన మిచ్చుట యొకటి, దానమును నిలుపుట మఱియొకటి యని మన పూర్వు లెఱిగి యుండిరనుట కిది ప్రమాణము.

దీపదానమునకు జెల్లిన యీ న్యాయము విద్యాదానమునకును జెల్లును. విశాఖపట్టణమున గడచిన రెండు శతాబ్దములలో బాఠశాలలకును, కళాశాలలకును, బడివెలుపలి విద్యకును దాతలు చేసిన సాహాయ్యములలో గొన్ని నిలిచినవి, కొన్ని నశించినవి. దాతల యౌదార్యమున లోపము లేదు. నిలుచుటకును నశించుటకును గల కారణమును నిబంధమునందే వెదకవలసి యున్నది.

విద్యకు మూలధన మేర్పఱచు పద్ధతి తెలుగు దేశమున క్రొత్తది గాదు. కాకతీయ రుద్రమదేవి కాలమున, 1261వ సంవత్సరమున వెలసిన మల్కాపుర శాసన మిందుకు జక్కని నిదర్శనము. గోళకీ మఠాచార్యుడగు విశ్వేశ్వర శంభువునకు లభించిన మందడ గ్రామాదాయమునుండి వేదశాస్త్రములు బోధించువారికిని, విద్యార్థులకును, ప్రసూతిశాలకును, ఆరోగ్యశాలకును భాగములు విధింపబడినవి. ఇందు విద్యార్థి భోజనము విద్యనుండి వేఱు చేయబడలేదు. చదువు చెప్పువానిని బోషించి చదువుకొనువానిని మఱచిన ధర్మము సగము ధర్మమే యని శాసనకర్తల యభిప్రాయమైనట్లు తోచును.

రాజాశ్రయము తగ్గిన పిదపను బడులు పూర్తిగా నశింపలేదు. 1822వ సంవత్సరమున మద్రాసు గవర్నరు సర్ తామస్ మన్రో రాజధానియందలి బడుల లెక్కలను గలెక్టరులనుండి కోరెను. లెక్కలన్నియు జేరగా 12,498 బడులును, 1,88,650 మంది విద్యార్థులును గలరని తేలెను. విశాఖపట్టణ మండలమునుండి పోయిన పట్టికలో 914 బడులును, 9,715 మంది విద్యార్థులును గలరు. బాలికల సంఖ్య మాత్రము మిక్కిలి స్వల్పము. బళ్ళారి కలెక్టరు క్యాంబెల్ 1823లో వ్రాసిన నివేదికయందు దన మండలమున గల 533 బడులలో నొక్కదానికిని బ్రభుత్వపోషణము లేదనియు, పూర్వరాజులు విద్యకు ధనమును భూములను విరివిగా నిచ్చెడివారనియు, ప్రజలు దరిద్రులైనందున బడులు క్షీణించుచున్నవనియు దెలిపెను. అనగా రాజదత్తమైన మూలధనము పోగా, తల్లిదండ్రు లిచ్చు జీతముపై బడి యాధారపడెను. వాన కురియని యేట బడియు నెండెను.

ఈ దశయందు గ్రామస్థులు మూలధనము లేకయే నడిపిన ధర్మ మొకటి కలదు. దానినే వారములు అందురు. పరగ్రామమునుండి వచ్చిన పేదబాలుడు వారమున నేడు దినములు ఏడిండ్ల భుజించి చదువుకొనును. ఒక్కొక్క గృహస్థునకు బడు భారము వారమున కొక్క విస్తరి. లెక్కపుస్తకము లేదు, అధికారి లేడు. ఒక గృహము తప్పినను దక్కిన యాఱును నిలుచును. భారము పలువురిపై బంచబడుటయే దీని బలము. కాని యా పంక్తిలో గూర్చుండు నర్హత కులమునుబట్టి యుండెను గనుక ననేకుల కా ద్వారము మూయబడియే యుండెను. ఊరివారి ధర్మము ఊరివారి పరిమితులను దాటలేదనుట కూడ జరిత్రకారుడు చెప్పవలసినదే.

1854వ సంవత్సరమున సర్ చార్లెసు వుడ్డు పంపిన విద్యాలేఖతో గ్రాంటు పద్ధతి మొదలయ్యెను. స్థానికులు బడిని స్థాపించి, తామే నిర్వహించి, కొలదిగనైనను జీతము వసూలు చేసి, పరీక్షాధికారికి ద్వారము తెఱచినయెడల ప్రభుత్వము సాయధన మిచ్చును. ముందు స్థానికుల యత్నము, దానివెంట సర్కారు ధనము అనునదియే దీని సారము.

స్థానికయత్న మనగా నేమో విశాఖకు దక్షిణమున గోదావరీతీరమున నా దశాబ్దమునందే పరీక్షింపబడెను. నరసాపుర ప్రాంతమున సబుకలెక్టరుగా నున్న జి.ఎన్. టెయిలరు ప్రోత్సాహమున నరసాపురము, పాలకొల్లు, ఆచంట, పెనుగొండలయందు బాఠశాలలు వెలసినవి. రైతులు భూమిశిస్తుతో బాటు బడికై కొంత పన్ను నిచ్చుకొనుట కొప్పుకొనిరని ప్రభుత్వమునకు దెలుపబడెను. రైతులు తమంతట దాము పన్ను వేసికొనుట యపూర్వమని యధికారులు మెచ్చిరి. కాని కాలక్రమమున స్వచ్ఛందమని మొదలైనది శిస్తువలెనే నిర్బంధ మయ్యెను. నిజముగా రైతులందఱు నొప్పుకొనిరా యను సంశయము బయలుదేఱెను. ఇట్టి పన్నుకు జట్టబద్ధత కల్పించుటకై 1863లో మద్రాసు విద్యాచట్టము వచ్చెను. 1871లో స్థానికనిధుల చట్టముతో బడిపన్ను సర్కారు వ్యవస్థలో గలిసిపోయెను. ఇచ్చువానికి నిర్వహణమున భాగము లేనప్పుడు దానము పన్నుగా మాఱునని గోదావరి రైతుల యనుభవము తెలుపుచున్నది.

విశాఖపట్టణమున బరిస్థితి వేఱు. లండను మిషనరీ సంఘమువారు 1805లోనే యీ రేవునకు వచ్చిరి. వారి బడులకు ధనము సముద్రాంతరమునుండి వచ్చెడిది. పట్టణమున 1860లో నాంగ్లోవర్నాక్యులరు పాఠశాల యొకటి స్థాపితమై, క్రమముగా బెరిగి, 1878లో రెండవతరగతి కళాశాల యయ్యెను. అనగా నెఫ్.ఏ. పరీక్షవఱకు బోధించు నధికారము పొందెను. ఈ సంస్థకు స్థిరత్వము గలిగించినది అంకితమువారి కుటుంబము చేసిన దానము. దానిని స్మరించుచు నా సంస్థకు మిసెస్ ఏ.వి.ఎన్. కళాశాల యను పేరు వచ్చెను. అంకితము వెంకట నరసింగరావుగారి పేరులోని పొడి యక్షరములకు ముందు ఆయన ధర్మపత్నిని సూచించు 'మిసెస్' అను మాట నిలిచినది. పురజనులు మాత్రము 'ఏ.వి.ఎన్. కాలేజి' యనియే వ్యవహరించుటచే, మాటయందు ఆ యిల్లాలి జాడ జాఱిపోయినది. కాగితముపై నున్న యా యొక్క మాటయే యామె ధర్మమునకు సాక్ష్యము.

ఈ కళాశాలకు 1892లో గణిత, భౌతికశాస్త్రముల బోధకులుగా జంద్రశేఖరయ్యరుగారు వచ్చిరి. ఆయన కుమారుడు సి.వి. రామను బాల్యమున విశాఖయందే చదివి, ఎఫ్.ఏ. ముగించి, మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలకు బోయెను. 1930లో భౌతికశాస్త్రమున నోబెలు బహుమానము పొందెను. కళాశాల లేకున్న ఆ యుపాధ్యాయుడీ యూరికి వచ్చుటయు లేదు. ఉపాధ్యాయుని నిలుపు దానము యొక్క ఫలము దాత యూహించిన చోటనే పండవలెనను నియమము లేదు.

ఆ కుటుంబముననే బడివెలుపలి విద్యకు జేయబడిన మఱియొక ధర్మము కలదు. నరసింగరావుగారి మామ గోడే వెంకట జగ్గారావుగారు (1817-1856) మద్రాసు నక్షత్రశాలయందు టి.జి. టెయిలరు కడ జ్యోతిశ్శాస్త్రము నభ్యసించి, విశాఖకు మరలివచ్చి, 1840 ప్రాంతమున డాబాతోటలోని తమ గృహావరణమున సొంత వేధశాలను నిర్మించిరి. ఆయన యనంతరము నరసింగరావుగారు దానిని బోషించి, 1874వ సంవత్సరము డిసెంబరు 9వ తేదీన సంభవించిన శుక్రసంక్రమణమును బరిశీలించిరి. లండను రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీ వారిని సభ్యులనుగా గ్రహించెను. 1892లో వారు గతించిరి. రెండేండ్లకు, అనగా 1894లో, ఆయన భార్య వేధశాలను మద్రాసు ప్రభుత్వమునకు నప్పగించెను. నేడు డాబాగార్డెన్సను పేట మిగిలినది గాని యచ్చట నక్షత్రములను జూచు దూరదర్శిని లేదు.

ఒకే కుటుంబము, ఒకే పట్టణము, ఒకే కాలము. కళాశాల నిలిచెను, వేధశాల నిలువలేదు. యంత్రముల లోపమనియో, దాతల యుపేక్షయనియో చెప్పుటకు వీలులేదు. కళాశాల వెనుక జీతము కట్టు తల్లిదండ్రులు, బోధించు పండితులు, పరీక్షించు విశ్వవిద్యాలయము, చదివి పైకివచ్చిన పూర్వవిద్యార్థులు గలరు. ఒకచేయి సడలినను మఱియొకచేయి పట్టుకొనును. ఇది వారముల న్యాయమే. వేధశాల కట్టి పంక్తి లేదు. దానిని దమదని తలచు కుటుంబ మొక్కటే. ఆ కుటుంబమున శాస్త్రాభిలాష గలవారు గతింపగనే దీపమునకు నేయి పోయువాడు లేకపోయెను. ప్రభుత్వమున కప్పగించుట వస్తువును గాపాడుట కావచ్చును గాని, వాడుకను గాపాడుట కాలేదు.

ఇరువదవ శతాబ్దమున నింతకంటె బెద్ద దానము విశాఖకు వచ్చెను. 1926లో స్థాపితమైన యాంధ్ర విశ్వకళాపరిషత్తు మొదట బెజవాడయందుండి 1930లో వాల్తేరునకు దరలెను. సముద్రాభిముఖమైన గుట్టలపై భవనములు కట్టుటకును, శాస్త్రశాఖలు తెఱచుటకును ధనము వలసియుండెను. జయపుర మహారాజు విక్రమదేవవర్మగారు ఏటేట లక్షరూపాయల చొప్పున శాశ్వతముగా నిచ్చుటకు వాగ్దాన మొనర్చిరి. స్వయముగా తెలుగు, ఒరియా, సంస్కృతములయందు రచన చేయగల ప్రభువు విజ్ఞానశాస్త్రములకు నిట్లు తోడుపడుట గమనింపదగినది. ఆ పరిషత్తు శాస్త్రసాంకేతిక కళాశాలకు వారి పేరే పెట్టబడెను.

ఇచ్చట నిబంధస్వరూపమును బరిశీలింపవలెను. దానము శాశ్వతమని చెప్పబడినను దానికి మూలము జమీందారీ యాదాయము. 1936లో జయపురము క్రొత్తగా నేర్పడిన యొరిస్సా రాష్ట్రమున జేరెను. 1951లో మహారాజు స్వర్గస్థులైరి. ఆ యేటనే యొరిస్సాయందు ఎస్టేటుల రద్దుచట్టము వచ్చెను. చెన్నరాష్ట్రమున నట్టి చట్టము 1948లోనే వచ్చియుండెను. జమీందారీలు పోవుట న్యాయమే. కాని వానిపై నాధారపడిన ధర్మములకు మూలమే పోయెను. మఱియు లక్షరూపాయలకు 1930 ప్రాంతమున నుండిన విలువ పిమ్మట లేదు. శిలపై గోవులను వ్రాసినవారు గోవు ఈనుననియు, నాణెము ఈనదనియు నెఱిగినవారు. జయపురపు దానము నిజముగా నిలిచినది రొక్కరూపమున గాదు. భవనములుగా, ప్రయోగశాలలుగా, అచ్చట బోధించినవారి శిష్యపరంపరగా నిలిచినది.

రాజులు పోయిన పిదప విశాఖయందు దాతల రూపమే మాఱెను. 1933లో నౌకాశ్రయము తెఱువబడెను. 1971లో నుక్కుకర్మాగారమునకు శంకుస్థాపన జరిగెను. వీనివెంట ననేక పరిశ్రమలు వచ్చినవి. 2013వ సంవత్సరపు కంపెనీల చట్టమునందలి 135వ విభాగము ననుసరించి, నిర్ణీత పరిమాణమునకు మించిన సంస్థలు గడచిన మూడేండ్ల నికరలాభపు సగటున నూటికి రెండు వంతులు సామాజిక కార్యములకు వ్యయింపవలెను. ఆ కార్యములలో విద్య యొకటి. సంస్థ యున్న ప్రాంతమునకు బ్రాధాన్య మీయవలెనని కూడ నా చట్టము చెప్పుచున్నది. ఊరి పొగను భరించువాడు ఊరి ఫలమునందు బాలు పొందుట ధర్మమే.

అయినను నిబంధమున నొక మార్పు జరిగినది. 2021వ సంవత్సరము జనవరినుండి యీ ధనమును ఏ సంస్థకైనను మూలధనముగా నిచ్చుట చెల్లదు. పెక్కేండ్లు సాగు కార్యమైనను మొదలుపెట్టిన సంవత్సరము గాక మూడేండ్లకు మించరాదు. ధనము మూలనపడి యుండకుండుటకు, లెక్క తప్పకుండుటకు నిట్టి నియమము తోడ్పడును. కాని దీని ఫలముగా నేటి దాత నేతి నీయగలడు గాని గోవు నీయలేడు. గది కట్టించుట, బల్లలు కొనుట యొక్కయేటి పని. సాయంకాలము బడి విడిచిన పిదప వెనుకబడిన పిల్లలను గూర్చుండబెట్టి చదివించు బోధకునికి నాలుగవయేట జీత మెవరిత్తురను ప్రశ్నకు బై నియమములలో సమాధానము లేదు.

సమాధానము చరిత్రమున గలదు. మూలధనము లేనిచోట వారముల పద్ధతియే శరణము. అనగా పలువురి చేతులు వలయును. 2009వ సంవత్సరపు విద్యాహక్కు చట్టము సర్కారు బడులకు నిర్వహణసంఘములను విధించి, అందు నాలుగింట మూడువంతులు తల్లిదండ్రులే యుండవలెననియు, సగము మంది స్త్రీలు గావలెననియు శాసించినది. ప్రాతకాలపు వారములయందు కులముచే మూయబడిన ద్వార మిందు దెఱువబడి యున్నది. దాత ధనము వచ్చిన మొదటియేటనే యీ సంఘము లెక్కలయందును, బోధకుని నియామకమునందును భాగము పొందినయెడల నాలుగవయేట నా పనిని దమదిగా నడుపుకొనగలదు. అట్లు గాక ప్రారంభోత్సవమున బూలమాల పట్టుకొని నిలుచుటకే పరిమితమైనయెడల గోదావరి రైతుల కథయో, డాబాతోట వేధశాల కథయో మరల సంభవించును.

సింహాచల శాసనములందు దాతల పేర్లు పెద్దవి. ద్రాక్షారామమున నేయి గొలిచిన బోయల పేర్లు చిన్నవి. దీపము వెలిగిన దినములన్నియు నా చిన్న పేర్లవారివే.