ధ్వనిని దూరం చేర్చడం: దక్కన్ రేడియో నుంచి శంషాబాద్ దాకా

పరిచయం

ఒక పరికరాన్ని ఏ అవసరం కోసం రూపొందించారో తెలిస్తే, దాని పరిమితి ఎందుకు వచ్చిందో అర్థమవుతుంది. యూఎస్‌బీ తీగకు ఉన్న 5 మీటర్ల హద్దు ఇందుకు మంచి ఉదాహరణ. ఈ భాగం చదివిన తరువాత ఆ హద్దుకు కారణాన్నీ, ధ్వని పరికరాల కోసం దాన్ని దాటిన పద్ధతులనూ మీరు వివరించగలగాలి.

పూర్వరంగం

హైదరాబాద్ సంస్థానంలో 1935 ఫిబ్రవరి 3న దక్కన్ రేడియో ప్రసారాలు మొదలయ్యాయి. 1950 ఏప్రిల్ 1న ఆ కేంద్రం ఆలిండియా రేడియోలో చేరింది. 1982లో దేశంలోని మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం హైదరాబాద్‌లో ఏర్పడింది. తరగతి గదికి రాలేని విద్యార్థులకు అది రేడియో పాఠాలు అందించింది. కాబట్టి ధ్వని ఎంత దూరం, ఎంత స్పష్టంగా చేరుతుందన్నది మీ చదువుకూ సంబంధించిన విషయమే.

శ్రోత ఇంటికి రేడియో తీగ లేకుండా చేరింది. రైల్వే స్టేషన్ల వంటి పెద్ద ఆవరణల్లో మాత్రం తీగలు తప్పలేదు. అక్కడ 100 వోల్టుల లైను పద్ధతి స్థిరపడింది. వోల్టేజీ పెంచితే కరెంటు తగ్గుతుంది, తీగలో నష్టమూ తగ్గుతుంది. ఊళ్లకు విద్యుత్తును చేరవేసే సూత్రమే ఇదీ. మైకు తీగల్లో మరో ఉపాయం వాడారు. ఒకే సంకేతాన్ని రెండు తీగల్లో ఎదురెదురు రూపాల్లో పంపితే, దారిలో రెండింటిలోనూ సమానంగా చేరిన రొద చివర రద్దవుతుంది.

5 మీటర్ల హద్దు

యూఎస్‌బీ 1.0 ప్రమాణం 1996 జనవరిలో వెలువడింది. దాని రూపకర్తల్లో ఇంటెల్ ఇంజనీరు, గుజరాత్‌లో జన్మించిన అజయ్ భట్ ప్రముఖుడు. మౌస్, ప్రింటర్, స్పీకర్లను బల్లమీది కంప్యూటర్‌కు సులువుగా కలపడమే దాని ఉద్దేశం.

ఇందులో కంప్యూటర్ అడుగుతుంది, పరికరం జవాబిస్తుంది. 2000లో వచ్చిన యూఎస్‌బీ 2.0 హైస్పీడ్ పద్ధతిలో ఆ జవాబు సుమారు ఒకటిన్నర మైక్రోసెకనులో రావాలి. ఒక్కో తీగలో జాప్యం 26 నానోసెకన్లు మించరాదని నియమం. సుమారు 5 మీటర్లకే ఆ జాప్యం పూర్తవుతుంది. మధ్యలో ఐదు హబ్బుల వరకు పెట్టవచ్చు కనుక మొత్తం దూరం 30 మీటర్లు. సంకేతం బలహీనపడటంతో పాటు కాలనియమం కూడా హద్దును నిర్ణయించిందని గమనించండి.

ధ్వనికి మరో చిక్కు ఉంది. ఫైల్ పంపేటప్పుడు పోయిన ముక్కను మళ్లీ అడగవచ్చు. ధ్వని సమాచారం నియత వేళల్లో సాగిపోతూనే ఉంటుంది. పోయిన ముక్క తిరిగి రాదు. చెవికి అది చిటపటగా వినిపిస్తుంది.

హద్దును దాటిన తీరు

ఎక్స్‌టెండర్ అనే జంట పెట్టెలు ఈ సమస్యను పరిష్కరించాయి. దగ్గరి పెట్టె కంప్యూటర్‌కు సకాలంలో జవాబిస్తుంది. దూరపు పరికరం పంపిన సమాచారాన్ని తరువాతి విడతలో అందిస్తుంది. రెండు పెట్టెల మధ్య నెట్‌వర్క్ తీగ వాడితే దాదాపు 100 మీటర్లు, ఆప్టికల్ ఫైబర్ వాడితే ఇంకా ఎక్కువ దూరం సాధ్యం. ఫైబర్‌లో విద్యుత్తు ప్రవహించదు కనుక గ్రౌండ్ తేడాల వల్ల వచ్చే హమ్ శబ్దం అందులో రాదు. దూరపు పెట్టెకు మాత్రం విడిగా కరెంటు ఇవ్వవలసి రావచ్చు.

శంషాబాద్ కొలత

2008 మార్చి 23న శంషాబాద్ విమానాశ్రయంలో రాకపోకలు మొదలై, వాణిజ్య విమానాలు బేగంపేట నుంచి ఇక్కడికి మారాయి. తొలి టెర్మినల్ విస్తీర్ణం సుమారు 1,05,300 చదరపు మీటర్లు. ఇంతటి భవనాన్ని ఊహించుకుంటే, బల్లమీద సరిపోయిన తీగ ఎందుకు చాలదో తెలుస్తుంది. గేటు మారిందన్న ఒక్క మాట చెదిరితే, తెర చదవలేని ప్రయాణికుడికి విమానం తప్పిపోవచ్చు. అందుకే పెద్ద భవనాల్లో ధ్వనిని నేరుగా నెట్‌వర్క్ మీదే పంపే పద్ధతి పెరిగింది. వేర్వేరు సంస్థల పరికరాలు ఇలా కలిసి పనిచేయడానికి 2013లో ఏఈఎస్67 ప్రమాణం వచ్చింది.

సారాంశం

ధ్వనిని దూరం పంపిన ప్రతి దశలోనూ ఒక కొత్త అడ్డంకి ఎదురైంది: మొదట నష్టం, తరువాత రొద, ఆపైన కాలం. అడ్డంకి ఏదో గుర్తించాకే పరిష్కారం దొరికింది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

యూఎస్‌బీ తీగను కేవలం పొడిగిస్తే సమస్య ఎందుకు తీరదు? మీ అధ్యయన కేంద్రంలోని మైకు ఏర్పాటును పరిశీలించి, పది వాక్యాల్లో రాయండి.