అణా ఖర్చు - నగరసభ బాధ్యత

పాఠశాలను గూర్చి మాట్లాడుకొనేటప్పుడు మనం సాధారణంగా ఇద్దరినే తలచుకొంటాం. ఒకరు ప్రభుత్వం, మరొకరు ఉపాధ్యాయుడు. ఈ ఇద్దరి నడుమ మూడవవారు ఒకరున్నారు. వీధిదీపం, మంచినీటి కుళాయి, మురుగుకాలువలతో పాటు బడి బాగోగులను కూడా చూడవలసిన స్థానిక సభ్యుడు ఆ మూడవవారు. కొన్ని దేశాలలో పాఠశాలల కోసం ప్రత్యేకంగా ఎన్నికైన మండలులు ఉంటాయి. మన దేశంలో ఆ పనిని చాలావరకు నగరసభలు, జిల్లా బోర్డులు, తాలూకా బోర్డులు నిర్వహించాయి. ఆ సభలలో కూర్చున్నవారి ఆలోచన ఎటువంటిదో దానిని బట్టే ఆ ఊరి బడి ఉండేది. మదరాసు నగర చరిత్రలో దీనికొక చక్కని నిదర్శనం ఉంది. తెలుగు చదువును గూర్చి చింతించే పాఠకులు దానిని తప్పక తెలుసుకోవాలి.

పన్ను, పాఠశాల - పుట్టుక నాటి బంధం

మదరాసు నగరపాలక సంస్థ మన దేశంలోని ఆధునిక పురపాలక సంస్థలలో మొదటిది. దాని అధికారపత్రం 1687 డిసెంబరులో వెలువడింది. 1688 సెప్టెంబరు 29న సంస్థ పని ప్రారంభించింది. ఆనాటి సభ్యులలో ఆంగ్లేయులు, పోర్చుగీసువారే కాక ఈ దేశస్థులు కూడా ఉన్నారు. ఆంగ్లేయుల పత్రాలలో ఆ దేశస్థులను 'జెంటూలు' అని వ్రాశారు. ఆ మాటను మొదట హిందువులందరికీ వాడినా, మదరాసు ప్రాంతంలో క్రమేణా అది తెలుగువారికీ, తెలుగు భాషకూ పేరుగా నిలిచింది. అంటే ఈ నగరసభ పుట్టినప్పటి నుండి మనవారికి అందులో చోటుందన్నమాట.

ఇంకొక విశేషం గమనించండి. పన్నులు వేసి ఆ సొమ్ముతో ఏమేమి కట్టవచ్చునో చెప్పినప్పుడు సభామందిరం, చెరసాలలతో పాటు స్థానిక బాలలకు ఆంగ్లం నేర్పే పాఠశాలను కూడా పేర్కొన్నారు. అయితే ప్రజలు పన్ను కట్టడానికి ఇష్టపడలేదు. పన్ను లేనిదే బడి లేదు, బడి ప్రయోజనం కనబడనిదే పన్ను కట్టేవారు లేరు. మూడు శతాబ్దాలకు పైగా స్థానిక సభలను వేధిస్తున్న చిక్కుముడి ఇదే.

నలుబది ఏండ్ల సభ్యుడు

ఆ చిక్కుముడిని విప్పడానికి ప్రయత్నించినవారిలో పిట్టి త్యాగరాయ చెట్టిగారు ముఖ్యులు. ఆయన 1852 ఏప్రిల్ 27న తెలుగు మాట్లాడే దేవాంగ కుటుంబంలో జన్మించారు. ప్రెసిడెన్సీ కళాశాలలో పట్టం పుచ్చుకొన్నారు. 1916లో దక్షిణ భారత ఉదారవాద సమాఖ్యను, అంటే తరువాత జస్టిస్ పార్టీగా ప్రసిద్ధి చెందిన సంస్థను, స్థాపించినవారిలో ఒకరు. 1920 చివర ఎన్నికలలో ఆ పార్టీ గెలిచినప్పుడు ప్రథమమంత్రి పదవి తన ముంగిట నిలిచినా ఆయన స్వీకరించలేదు. నేటి త్యాగరాయనగర్‌కు ఆయన పేరే పెట్టారు. ఆ పేరును అందరూ 'టీ నగర్' అని కుదించి పలకడం వలన అది ఎవరి పేరో చాలామందికి తెలియకుండా పోయింది.

ఆయన రాజకీయాలను గూర్చి భిన్నాభిప్రాయాలు ఉండవచ్చు, ఉన్నాయి కూడా. మనకు ఇక్కడ కావలసింది వేరొక విషయం. మంత్రిపదవిని కాదన్న ఆ పెద్దమనిషి 1882 నుండి 1923 వరకు, అంటే దాదాపు నలుబది సంవత్సరాలు, నగరసభలో కూర్చున్నారు. దానికి అధ్యక్షులుగా కూడా పనిచేశారు. రాజధాని మొత్తాన్ని ఏలే పదవి కంటే తన ఊరి సభలోని ఆసనమే ఆయన జీవితంలో ఎక్కువ కాలాన్ని తీసుకొన్నది.

1920 తీర్మానం

నగరసభ నడిపే బడులలో థౌజండ్ లైట్స్ ప్రాంతంలోనిది ఒకటి. అక్కడ చదివే పిల్లలు కటిక పేదలు. పేదరికం వలన హాజరు పడిపోతున్నదనీ, పాఠశాల బలమే దెబ్బతింటున్నదనీ అధ్యక్షస్థానం నుండి త్యాగరాయ చెట్టిగారు సభకు వివరించారు. ఆ పిల్లలకు ఫలహారం పెట్టాలన్న ప్రతిపాదనకు 1920లో నగరసభ ఆమోదం తెలిపింది. ఖర్చు ఒక్కొక్క విద్యార్థికి రోజుకు ఒక అణాకు మించరాదని పరిమితి విధించింది.

అణా అంటే రూపాయిలో పదహారవ వంతు. ఒక రూపాయితో పదహారుగురు పిల్లలకు ఒక పూట గడుస్తుంది. లెక్క చిన్నదే. కాని దాని వెనుక ఉన్న ఆలోచన పెద్దది. అంతవరకు బడికి రాని పిల్లవానిని సోమరి అనేవారు, వాని తండ్రిని అజ్ఞాని అనేవారు. పిల్లవాడు రాకపోవడానికి కారణం వాని బుద్ధిలో లేదు, వాని కడుపులో ఉందని ఈ తీర్మానం ఒప్పుకొన్నది. కారణాన్ని తొలగించే బాధ్యత సభదేనని కూడా ఒప్పుకొన్నది.

ఫలితం ఏమైందో చూడండి. ఈ ఏర్పాటును మరి నాలుగు బడులకు విస్తరించారు. ఆ బడులలో 1922-23లో 811గా ఉన్న విద్యార్థుల సంఖ్య 1924-25 నాటికి 1,671కి చేరింది. రెండేండ్లలో రెట్టింపు కంటే ఎక్కువ. కొత్త భవనాలో కొత్త వాచకాలో ఆ పిల్లలను రప్పించలేదు, పిడికెడు ఆహారం రప్పించింది.

అడ్డంకి ఎక్కడ వచ్చింది?

ఇంత మేలు చేసిన ఏర్పాటు 1925 ఏప్రిల్ 1న ఆగిపోయింది. పిల్లలు రాక కాదు, వంటవారు లేక కాదు. ప్రాథమిక విద్యానిధి నుండి భోజనానికి ఖర్చు చేయరాదని ప్రభుత్వం అభ్యంతరం చెప్పింది. 1920 నాటి మదరాసు ప్రాథమిక విద్యాచట్టం స్థానిక సంస్థలకు విద్య కోసం పన్ను వేసుకొనే వీలు కల్పించింది. అటువంటి నిధిలోని సొమ్ము దేనికి చెల్లుతుంది, దేనికి చెల్లదు అన్న లెక్కల తగవులో పిల్లల ఫలహారం పోయింది. బల్ల కొంటే అది విద్య, బల్లమీద కూర్చునే పిల్లవానికి అన్నం పెడితే అది విద్య కాదు!

అదే నెల 28న త్యాగరాయ చెట్టిగారు కన్నుమూశారు.

ఆలోచన మాత్రం పోలేదు. కొంతకాలానికి నగరంలో భోజనం పరిమితంగా తిరిగి మొదలైంది. 1956లో కామరాజ్ ప్రభుత్వం మధ్యాహ్న భోజనాన్ని రాష్ట్రమంతటా విస్తరింపజేయడం ప్రారంభించింది. 1982లో ఎం.జి. రామచంద్రన్ ప్రభుత్వం దానిని పోషకాహార పథకంగా పెంచింది. 2001 నవంబరు 28న సర్వోన్నత న్యాయస్థానం ప్రభుత్వ, ప్రభుత్వ సహాయ ప్రాథమిక పాఠశాలలలో వండిన భోజనం పెట్టాలని రాష్ట్రాలన్నిటినీ ఆదేశించింది. 2022లో తమిళనాడు ప్రాథమిక పాఠశాలలలో ఉదయపు ఫలహారం కూడా మొదలైంది. నూరేండ్ల క్రిందట ఒక నగరసభ ఒక బడి కోసం చేసిన తీర్మానం నుండి ఇంత దూరం వచ్చాం.

ఇక తెలుగు తరగతి సంగతి

"ఇందులో తెలుగు చదువు ప్రసక్తి ఏమున్నది?" అని మీరు అడగవచ్చు. నిజమే, త్యాగరాయ చెట్టిగారి తీర్మానం తెలుగు బాలలకని వేరుగా చేసినది కాదు. ఆకలికి భాషాభేదం లేదు. మనం నేర్చుకోవలసింది ఆయన అడిగిన ప్రశ్నను. పిల్లవాడు బడికి ఎందుకు రావడం లేదు? ఆ కారణాన్ని తొలగించగల అధికారం ఎవరి చేతిలో ఉంది? తెలుగు తరగతిని గూర్చి మనం ఈ ప్రశ్నలను ఎన్నడైనా ఇంత సూటిగా అడిగామా?

మన సభలలో తరచుగా వినిపించే మాట "తల్లిదండ్రులకు భాషాభిమానం లేదు" అన్నది. ఆనాడు పిల్లవానిని సోమరి అన్నట్లే ఈ మాట కూడా. దూరంగా ఉన్న బడి, ఖాళీగా ఉన్న ఉపాధ్యాయుని ఉద్యోగం, సంవత్సరం సగమైనా అందని వాచకం, పై తరగతిలో తెలుగు దొరుకుతుందో లేదోనన్న భయం - ఇవన్నీ ఉండగా అభిమానం ఒక్కటే ఏమి చేయగలదు?

చట్టం మనకు ఇచ్చినది తక్కువేమీ కాదు. 1949 ఆగస్టులో జరిగిన విద్యామంత్రుల సమావేశం ఒక సూత్రాన్ని అంగీకరించింది. ప్రాథమిక దశలో బడి మొత్తంలో 40 మంది గాని, ఒక తరగతిలో 10 మంది గాని ఆ భాషవారు ఉంటే వారి మాతృభాషలో బోధించడానికి ఉపాధ్యాయుని నియమించాలని ఆ సూత్రం. 1956లో రాజ్యాంగంలో చేరిన 350-ఏ అధికరణం, ప్రాథమిక దశలో మాతృభాషలో బోధనకు తగిన వసతులు కల్పించడానికి ప్రయత్నించవలసిన బాధ్యతను రాష్ట్రాల మీదనే కాదు, స్థానిక సంస్థల మీద కూడా పెట్టింది. ఆ 'స్థానిక సంస్థ' అన్న మాటను మనం చదివి కూడా దాటిపోతుంటాం. మంత్రికి వినతిపత్రం ఇస్తాం, మన వార్డు సభ్యుని గడప మాత్రం తొక్కం.

2006లో తమిళనాడు ప్రభుత్వం తమిళం నేర్చుకోవడాన్ని తప్పనిసరి చేస్తూ చట్టం తెచ్చింది. రాష్ట్రభాష నేర్చుకోవడం మన పిల్లలకు మేలే, అందులో వివాదం లేదు. దాని పక్కన మాతృభాషకు చోటు ఎక్కడన్నదే ప్రశ్న. చట్టం పదవ తరగతికి చేరిన 2016లో భాషా అల్పసంఖ్యాకుల విద్యార్థులు న్యాయస్థానం ద్వారా మినహాయింపు పొందవలసి వచ్చింది. పరీక్షలు ముంగిట ఉండగా న్యాయస్థానాల చుట్టూ తిరగడం కంటే, ఒకటవ తరగతిలో చేరికల నాడే పది పేర్లు వ్రాయించడం ఎంత సులభం!

మీరు చేయగల పని

2010 ఏప్రిల్ నుండి అమలులోనున్న విద్యాహక్కు చట్టం ఈ విషయంలో మనకు మంచి ఆధారం. తమ పరిధిలోని పదునాలుగేండ్లలోపు బాలల వివరాల పట్టికను ఉంచడం స్థానిక సంస్థ విధి. సాధ్యమైనంత వరకు బోధన మాతృభాషలో ఉండాలని కూడా ఆ చట్టం చెబుతున్నది. ప్రభుత్వ, ప్రభుత్వ సహాయ పాఠశాలలలో యాజమాన్య కమిటీ ఉండాలి. అందులో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులు లేదా సంరక్షకులు, సగం మంది స్త్రీలు. స్థానిక సంస్థకు ఎన్నికైన సభ్యులకు కూడా అందులో చోటుంది. 2012 సవరణ ప్రకారం ప్రభుత్వ సహాయ పాఠశాలలలో ఈ కమిటీ సలహాలకే పరిమితం. సలహా ఇచ్చే చోటు కూడా చోటే కదా.

కాబట్టి పాఠకులారా, ఈ చేరికల కాలంలో మీ వీధిలో ఇంట తెలుగు మాట్లాడే పిల్లలను లెక్కించండి. పదిమంది పేర్లు, తల్లిదండ్రుల సంతకాలతో ఒక కాగితం మీద వ్రాసి ప్రధానోపాధ్యాయునికి ఒక ప్రతి, వార్డు సభ్యునికి ఒక ప్రతి ఇచ్చి రసీదు తీసుకోండి. కమిటీ సమావేశానికి తప్పక వెళ్లండి. అక్కడ తెలుగు భాష ప్రాచీనతను గూర్చి ఉపన్యసించవద్దు. ఉపాధ్యాయుని ఖాళీ ఎన్నాళ్ల నుండి ఉన్నదో, వాచకాలు ఏ తేదీన వచ్చాయో, పిల్లలు ఎందరో చెప్పండి. సభలు అంకెలకు జవాబు చెబుతాయి.

థౌజండ్ లైట్స్ బడి పిల్లల కోసం ఆనాడు సభలో వినిపించినవి కూడా అంకెలే: పిల్లలు ఇందరు, ఖర్చు తలకు ఒక అణా. మన తరగతికి కావలసినది కూడా అంతకంటే పెద్ద పద్దు కాదు. పదిమంది పిల్లలు, ఒక ఉపాధ్యాయుడు. దానిని అడగడానికి మనలో ఒకరు లేచి నిలబడాలి.